రంగంలో దొరికిన నాపి

మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. తాత 1933లో రంగం వెళ్ళి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. విదేశం వెళ్ళానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కదా. 2019 జనవరిలో మాకు మాత్రం వీసాలు కావాల్సి వచ్చాయి.

నాన్న జేబులో ఒక పాత కవరు. చిన్నతాత రాసిన ఆఖరి ఉత్తరం అందులోనే వచ్చింది. వెనక '51వ వీధి' అని ఉంది. 1960లలో అక్కడ దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చేశారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు వాళ్ళదే. చిన్నతాత రాలేదు, బర్మా అమ్మాయిని పెళ్ళాడి అక్కడే ఉండిపోయాడు. మా తమ్ముడు ఫేస్‌బుక్‌లో వాళ్ళ మనవణ్ణి పట్టుకునేదాకా అసలు ఉన్నారో లేరో మాకు తెలీదు.

వీధి దొరికింది, ఇల్లు లేదు. ఆ చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. నాన్న కాసేపు నిలబడి, "పద, రేవు చూద్దాం" అన్నాడు. బొటటాంగ్ పగోడా పక్కనే నది. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాక తాత ఈ ఊరు విడిచాడు. ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి బర్మా పడమటి తీరంలోని అరకాన్ దాకా నడక. దారిలో ఏం చూశాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పిందల్లా తిండి గురించే. "నాపి ఉంటే ఈ అన్నం ఇంకో ముద్ద దిగును" అనేవాడు. నాపి అంటే ఏదో చేప అనుకునేవాళ్ళం.

చిన్నతాత కొడుకు, అంటే నాకు చిన్నాన్న, శివార్లో ఉంటాడు. కాగితాల మీద బర్మా పేరు, ఇంట్లో సింహాద్రి అప్పన్న పేరు. చిన్నమ్మ బుగ్గలకు తనకా గంధం, బర్మా ఆడవాళ్ళు చెట్టు బెరడు అరగదీసి పూసుకునేది. గుమ్మంలోనే చిన్నాన్న మా నాన్న చేతులు పట్టుకుని, "అన్నయ్యా, గాలిమోటారు మీదొచ్చినారా?" అన్నాడు. విమానానికి ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! మా ఊళ్ళో అది తాతలతోనే పోయింది. నాకు నవ్వొచ్చింది, నాన్నకు ఏడుపొచ్చింది.

భోజనంలో పచ్చి కూరముక్కల పక్కన నల్లటి పచ్చడి పెట్టారు. వాసన చెప్పతరం కాదు. ఏమిటని అడిగితే "నాపి" అంది చిన్నమ్మ. చేపల్ని, రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి నూరింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని కదల్లేదు. తర్వాత ఇంకొంచెం వేయించుకున్నాడు.

వస్తూ ఒక డబ్బా కట్టించుకున్నాం. ఎన్ని ప్లాస్టిక్ కవర్లు చుట్టినా కలకత్తా దాకా పక్క సీటాయన ముక్కు మూసుకునే ఉన్నాడు. అమ్మ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. ఇప్పుడది పెరట్లో, కట్టెల పక్కన. నాన్న ఆదివారాలు కంచం పట్టుకుని అక్కడికే వెళ్తాడు.