గిడుగు గెలిచిన వాదం, జయంతి రామయ్య మిగిల్చిన ప్రశ్న

ఒక అభిప్రాయం మనిషిలో ఎలా పుడుతుంది, దాన్ని అతడు ఎలా కాపాడుకుంటాడు, ఎదుటివాడు దాన్ని ఎలా కదిలిస్తాడు అన్న విషయం ఆలోచించినప్పుడల్లా నా మనసు గ్రాంథిక, వ్యావహారిక భాషావాదం వైపే పోతుంది. పాత కావ్యాల వ్యాకరణానికి కట్టుబడిన రాత భాష గ్రాంథికం, జనం మాట్లాడే భాష వ్యావహారికం. బడిపిల్లల చేత ఏ తెలుగు రాయించాలి అన్న ప్రశ్నతో మొదలై, పండితులనూ జమీందారులనూ విశ్వవిద్యాలయాన్నీ రెండు పక్షాలుగా నిలబెట్టిన ఆ వాదంలో తెలివితక్కువవాళ్ళు గానీ భాష మీద ప్రేమ లేనివాళ్ళు గానీ ఏ పక్షంలోనూ లేరు. అందుకే అది ఇప్పటికీ చదవదగినదిగా ఉంది.

వ్యావహారిక పక్షాన నిలిచిన గిడుగు రామమూర్తి గారి అభిప్రాయం పుస్తకాలలో పుట్టింది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. మాట్లాడేవాళ్ళ నోటి నుంచి విని రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఆ తిరుగుళ్ళలో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. చెవితో భాష నేర్చిన మనిషి ఆ చెవినే పోగొట్టుకుని, తర్వాతి కాలమంతా మాట్లాడే భాష కోసం వాదించడం నన్ను ఎప్పుడూ కలచివేసే సంగతి. ముఖలింగం శాసనాలను కూడా ఆయన స్వయంగా చదువుకున్నారు. ఇలా అడవిలోనూ రాతి మీదా భాష నడిచిన తీరును చూసినవాడికి, 1858లో చిన్నయ సూరి బాలవ్యాకరణం గీసిన గీతలే తెలుగుకు శాశ్వతమైన ఎల్లలని ఎవరైనా చెబితే నమ్మబుద్ధి కాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా ఈ అభిప్రాయం చాలాకాలం వాదంగా మారలేదు. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల అధికారిగా వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయుడు, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ ఇంత దూరం ఎందుకుందని అడిగిన తర్వాతే గిడుగు, గురజాడ, శ్రీనివాస అయ్యంగారు ఒక పక్షంగా కూడారు. బయటివాడు అమాయకంగా అడిగిన ప్రశ్న లోపలివాళ్ళలో అణగి ఉన్న అసంతృప్తికి మాట ఇచ్చింది.

ఎదుటి పక్షానికి పెద్ద జయంతి రామయ్య పంతులు గారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆయన చొరవతోనే ఏర్పడింది. గిడుగు 1913లో ఆధునికాంధ్రాన్ని సమర్థిస్తూ విజ్ఞాపన రాస్తే, రామయ్య గారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. 1914లో గురజాడ, ఇంటర్మీడియట్ వ్యాసరచనకు ఏ భాష తగినదో తేల్చడానికి విశ్వవిద్యాలయం వేసిన సంఘానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఈ మూడూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు ఎలా ఉండాలో తేల్చే అధికారం తెలుగు రానివారి చేతిలో ఉన్న రోజులవి. ఒప్పించవలసింది ఎవరినో ఆ పత్రాల భాషే చెబుతుంది. ఆ విడతలో గెలిచింది గ్రాంథికమే. 1915 నవంబరు 30న కన్నుమూసిన గురజాడ తమ పక్షం గెలుపును చూడనేలేదు.

ఓడిన తర్వాత గిడుగు చేసిన పని నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఆయన తన ఇష్టాన్ని మరింత గట్టిగా చాటడంతో తృప్తిపడలేదు. ప్రతిపక్షుల నియమాలను వాళ్ళకన్నా బాగా నేర్చుకున్నారు. గ్రాంథికం రాయాలంటే ద్రుతం (మాట చివరి నకారం) మీది పరుషాలను (క, చ, ట, త, ప) సరళాలు (గ, జ, డ, ద, బ) చేయాలి. 'పూచెను కలువలు' అని రాస్తే తప్పు, 'పూచెఁ గలువలు' అని రాయాలి. అరసున్న ఎక్కడ ఉండాలో, బండి ఱ ఎక్కడ రావాలో తెలిసి ఉండాలి. ఈ నియమాలు భాషకు ప్రాణమని చెప్పే పండితుల రచనలనే ముందు పెట్టుకుని, వాళ్ళే వాటిని పాటించలేకపోతున్నారని ఆయన పంక్తి పంక్తికీ చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'లో ఆ పట్టుదల అంతా కనిపిస్తుంది. 'బాలకవి శరణ్యం'లో దానికి రెండో వైపు చూపించారు: బాలవ్యాకరణం ఒప్పుకోని రూపాలను పూర్వకవులే వాడిన ప్రయోగాలు ఏరి కూర్చారు. చిన్నయ సూరికి ముందు తంజావూరు, మదుర ఆస్థానాలలో పుట్టిన వచనం వాడుకకు ఎంత దగ్గరగా ఉందో ఎత్తిచూపారు. సంప్రదాయమే మా అండ అని నమ్మినవాళ్ళకు ఆ సంప్రదాయం నుంచే సమాధానం రావడం వల్ల, దాన్ని నవీనుల దుడుకుతనమని తోసిపుచ్చే వీలు లేకపోయింది.

కందుకూరి వీరేశలింగం గారి మార్పును ఈ వాదంలో అతి పెద్ద గెలుపుగా నేను లెక్కిస్తాను. జీవితమంతా గ్రాంథిక వచనం రాసి, పేరంతా దానితోనే గడించిన మనిషి ఆయన. 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు అధ్యక్షుడిగా ఉండడానికి ఒప్పుకున్నారు; మూడు నెలలకే, మే 27న, మరణించారు. డెబ్బై ఏళ్ళ వయసులో, ఇక కొత్తగా పొందవలసిన పేరేమీ లేనప్పుడు, తన రచనలే నిలిచి ఉన్న నేలను వదిలి ఇటు వైపు రావడానికి ఎంత నిజాయితీ కావాలి! వేదం వెంకటరాయశాస్త్రి గారి వైఖరి మరో రకం. ఆయన 1897 నాటి ప్రతాపరుద్రీయ నాటకంలో పాత్రోచిత భాష పేరుతో సామాన్య పాత్రల చేత వాడుక మాటలే పలికించారు, అయినా వచన రచనకు మాత్రం గ్రాంథికమే తగినదని వాదించారు. అభిప్రాయాలు పక్షాలుగా చీలినంత శుభ్రంగా మనుషులు చీలరు.

రామయ్య గారి వాదంలో పూర్వ సాహిత్యంతో తెగతెంపులవుతుందన్న భయం ఉంది, అది కాలక్రమంలో కొంత నిజమూ అయింది. అంతకన్నా పదునైనది మరొకటి: మాట్లాడే భాష జిల్లాకొక తీరుగా, కులానికొక తీరుగా ఉంటుంది కదా, అందులో దేన్ని రాతకు ఎత్తుకుంటారు? శిష్టుల వ్యావహారికం, అంటే చదువుకున్నవారు మాట్లాడే భాష, అని గిడుగు పక్షం జవాబు చెప్పింది. ఆ శిష్టులు ఎవరో కాలమే తేల్చింది. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ రేడియో కలిసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాటను ప్రమాణంగా నిలబెట్టాయి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ మాటలు యాసలైపోయాయి.

నేను తెలంగాణలో చదువుకున్నాను. ఇంట్లో 'వచ్చిండు', 'పోయిండు' అనేవాళ్ళం. బడిలో వ్యాసంలో అలా రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేసి 'వచ్చాడు' అని పైన రాసేవారు. ఒకప్పుడు 'వచ్చెను' అన్నది 'వచ్చాడు'ను కొట్టివేసినట్టే, ఇప్పుడు 'వచ్చాడు' మా మాటను కొట్టివేసింది. రెండున్నర జిల్లాల భాష అందరి మీదా పెత్తనం చేస్తోందని తెలంగాణ కవి కాళోజీ గొంతెత్తినప్పుడు, ఆయనకు తెలిసో తెలియకో, జయంతి రామయ్య గారి ప్రశ్ననే మళ్ళీ అడిగారు. అయితే ఇద్దరి ముగింపులూ వేరు. భేదాలున్నాయి కాబట్టి ఎవరూ మాట్లాడని భాషే అందరికీ న్యాయమన్నారు రామయ్య గారు; భేదాలున్నాయి కాబట్టి ప్రతి పలుకుబడికీ గౌరవం కావాలన్నారు కాళోజీ. నేను కాళోజీ వైపే ఉన్నాను. ఎవరూ మాట్లాడని భాష అందరికీ సమానమైనది కాదు. దాన్ని నేర్చుకునే తీరికా వనరులూ ఉన్నవాళ్ళదే అవుతుంది.

ఈ ప్రశ్నకు గిడుగు పద్ధతిలోనే జవాబు వెతికిన పని కూడా జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం, జిల్లా జిల్లాకూ రైతులు వాడే వ్యవసాయ పదాలను సేకరించి, ఏ మాట ఎక్కడిదో గుర్తించి పక్కపక్కన పెట్టింది. ఏది ఒప్పు, ఏది తప్పు అన్న తీర్పు అందులో ఉండదు.

గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగానూ, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినంగానూ జరుపుకుంటున్నాం. ఈ సభలలో జయంతి రామయ్య గారి పేరు వస్తే ఓడిపోయినవారి పేరుగానే వస్తుంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు కోసం అంత శ్రమపడిన ఆయన వాదాన్ని, వెక్కిరింపు కోసం ఏరిన వాక్యాలుగా కాకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి ఆ వేదికల మీద ఎవరైనా వినిపించాలని నేను కోరుకుంటున్నాను. గిడుగు దాన్ని అలాగే చదివారు.