అజిస్ట్‌మెంట్: ఒక్క మాట పట్టుకుంటే బెయిల్‌మెంట్ అంతా కదిలింది

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్న ఫ్రెండ్స్ కోసం రాస్తున్నా. ఒక మాక్ టెస్టులో ‘అజిస్ట్‌మెంట్’ అంటే ఏమిటని అడిగారు. ‘ఏజ్’ కనిపించిందని వయసు నిర్ధారణ అనుకుని టిక్ పెట్టేశాను. అసలు అర్థం: డబ్బు తీసుకుని వేరేవాళ్ల పశువుల్ని మన బీడులో మేపడం.

నోట్సులో ఒక లైను రాసి వదిలేస్తే వారంలో మర్చిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం మాట పుట్టుక వెతికాను. పాత ఫ్రెంచిలో ‘జిస్ట్’ అంటే బస, పడుకునే చోటు. పశువుకి బస ఇవ్వడమే అజిస్ట్‌మెంట్. సారాంశం అనే అర్థంలో మనం వాడే ‘జిస్ట్’ కూడా ఆ వేరు నుంచే వచ్చింది.

మధ్యయుగ ఇంగ్లండులో రాజు అడవిలో పశువుల్ని మేపాలంటే రుసుము కట్టాలి. వసూలు చేసేవాడు అజిస్టర్. 1217 నాటి అడవుల చార్టర్‌లోనూ ఈ మాట ఉంది. దక్షిణ ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్‌లో అజిస్టర్లు ఇప్పటికీ పనిచేస్తున్నారు. రుసుము కట్టిన గుర్రానికి తోక వెంట్రుకలు కత్తిరిస్తారు. ఒక్కో అజిస్టర్‌ది ఒక్కో తీరు కత్తిరింపు. తోక చూస్తే చాలు, రుసుము కట్టారని, అది ఎవరి పరిధిలోదని తెలిసిపోతుంది. ఇది చదవగానే నాకు పుల్లరి గుర్తొచ్చింది. పల్నాడు, కన్నెగంటి హనుమంతు, 1922. అదీ అడవిలో మేతకు కట్టించుకున్న పన్నే కదా! ఇక ఆ మాట నన్ను వదల్లేదు.

అసలు లాభం కాంట్రాక్ట్ చట్టం, 1872లో దొరికింది. ఒక పని కోసం వస్తువుని అప్పగించి, పనయ్యాక తిరిగి తీసుకోవడం బెయిల్‌మెంట్. పశువుని మేపడానికి అప్పగించడమూ బెయిల్‌మెంటే. సెక్షన్ 163 ఉదాహరణ చూడండి: ఆవుని అప్పగించాక అది ఈనితే, ఆవుతో పాటు దూడనీ తిరిగివ్వాలి. మా అమ్మమ్మవాళ్ల ఆవు ఒకసారి మందలోనే ఈనింది. సాయంత్రం కాపరి దూడని భుజాన వేసుకొచ్చి గుమ్మం ముందు దింపాడు, ఒళ్లింకా తడారలేదు. అది ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. ఆ సెక్షన్ నాకు మళ్లీ చదవాల్సిన అవసరం పడలేదు.

జాగ్రత్తగా చూడాల్సింది లీన్, అంటే రావాల్సిన డబ్బు అందేదాకా వస్తువుని ఆపుకునే హక్కు. మేత డబ్బు ఇవ్వకపోతే పశువుని ఆపుకోవచ్చా? ఇంగ్లిష్ కామన్ లాలో, ప్రత్యేక ఒప్పందం లేకపోతే, కుదరదు. 1839 నాటి జాక్సన్ వర్సెస్ కమిన్స్ కేసు ఇదే చెప్పింది. మేపినవాడు పశువుని ఉన్నదున్నట్టు నిలబెట్టాడు, తన నైపుణ్యంతో దాని విలువ పెంచలేదు. గుర్రానికి శిక్షణ ఇచ్చినవాడి సంగతి వేరు, అతనికి ఆ హక్కు ఉంది. మన సెక్షన్ 170లోనూ శ్రమ, నైపుణ్యం అనే మాటలే కీలకం. వజ్రాన్ని సానబట్టినవాడు కూలీ అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. కూలీ మూడు నెలల తర్వాత ఇచ్చినా సరేనని ఒప్పుకున్న దర్జీ మాత్రం కోటు ఆపడానికి లేదు. ఈ ఇద్దరి పక్కన మేపినవాణ్ణి నిలబెట్టి, ఎవరికి హక్కుందో, ఎందుకుందో పుస్తకం మూసి రాసి చూడండి.