అర అంగుళం కొళాయికి వాషరు దొరకాలంటే

తిరుపతిలో కొత్త కొళాయి కొనడం కన్నా కారుతున్న పాత కొళాయికి సరిపోయే వాషరు సంపాదించడమే కష్టం. పైపుల అంగడికి వెళ్లి వాషరు అడిగితే చాలాసార్లు ముందుగా బల్ల మీదికి వచ్చేది తళతళలాడే కొత్త కొళాయే. ‘దేనికి సార్ రిపేరీ, కొత్తది బిగించుకోండి’ అంటారు. వారిని తప్పుపట్టలేము. కొద్ది రూపాయల రబ్బరు బిళ్ల కోసం డబ్బాలన్నీ దించి వెతకడానికి బేరం జోరుగా సాగే వేళ ఎవరికి తీరిక ఉంటుంది? కాబట్టి మధ్యాహ్నం అంగడి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లడం, అదీ పాత వాషరును చేతిలో పెట్టుకొని వెళ్లడం మంచిది. ‘సైజు తెలీకుండా ఎట్లిచ్చేది, పాతది ఎత్తుకొని రండి’ అని తిప్పి పంపడం ఇక్కడ మామూలే, ఆ మాటలో న్యాయమూ ఉంది.

ఎందుకంటే అర అంగుళం, అంటే 15 మిల్లీమీటర్లు అని మనం చెప్పేది గొట్టం కొలత. వాషరు కొలత కాదు. వాషరుకు చూడవలసినవి దాని వెలుపలి వ్యాసం, నడుమ ఉన్న రంధ్రం, మందం. వ్యాసం ఎక్కువైతే అది కొళాయి లోపలి గోడలకు ఒరుసుకొని ఇరుక్కుంటుంది. తక్కువైతే నీటి దారిని పూర్తిగా మూయదు. మందం ఎక్కువైతే పిడిని ఎంత తిప్పినా ధార సన్నగానే వస్తుంది. రెండు కంపెనీల కొళాయిలు పైకి ఒకేలా కనిపించినా వాటి లోపలి వాషర్లు ఒకటి కాకపోవచ్చు.

పాత వాషరును బయటికి తీయడానికి ముందుగా మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే గొట్టానికి ఉన్న గేట్ వాల్వును మూసి, కొళాయిని తెరిచి, గొట్టంలో మిగిలిన నీళ్లను పోనివ్వాలి. మెరుగుపూత గీసుకుపోకుండా గుడ్డ చుట్టి, స్పానరుతో పైభాగాన్ని విప్పితే పిడితో పాటు తిరిగే కడ్డీ, అంటే స్పిండిలూ, దాని కొనన వాషరును పట్టి ఉంచే ఇత్తడి ముక్క, అంటే జంపరూ బయటపడతాయి. ఆ జంపరు అడుగున ఉన్నదే వాషరు. అరిగిపోయిన వాషరును ఒకసారి వెలుతురులో చూడండి: నీటి దారి అంచు ఒత్తుకొని ఒత్తుకొని దాని మీద గుండ్రటి గాడి పడి ఉంటుంది, పట్టుకుంటే వేళ్లకు నల్లగా అంటుతుంది. మందం కొలవవలసింది ఆ గాడి దగ్గర కాదు, అరగని అంచు దగ్గర.

కొత్త వాషరు వేసినా కొద్ది రోజులకే మళ్లీ కారుతుంటే లోపం వాషరులో ఉండకపోవచ్చు. అది ఆనుకొని కూర్చునే ఇత్తడి అంచు మీద, అంటే సీటు మీద, గుంటలు పడ్డాయేమో వేలికొనతో తడిమి చూడాలి. మా వీధిలో చాలా ఇళ్లలో బోరు నీళ్లే వాడతారు. వాటిలోని సున్నం ఆ అంచు మీద తెల్లగా గట్టిపడి, రబ్బరును గరుకు కాగితంలా తినేస్తుంది. నిమ్మరసంలోగాని వెనిగర్‌లోగాని తడిపిన గుడ్డను కాసేపు అక్కడ ఉంచితే ఆ పొర మెత్తబడుతుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి, పూత పోతుంది. గుంటలు లోతుగా ఉంటే సీటును చదును చేసే పనిముట్టు ఉన్న ప్లంబరును పిలవక తప్పదు.

చుక్కే కదా అని వదిలేసేవారు ఒక లెక్క వేసి చూడవచ్చు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు, అంటే దాదాపు 4.3 లీటర్లు. కల్యాణి డ్యాం నుంచీ తెలుగుగంగ నుంచీ ఊరికి చేరిన నీళ్లను మళ్లీ కరెంటు ఖర్చుతో మిద్దె మీదికి ఎక్కించి ఇలా పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు. చుక్క ఆగడం కోసం పిడిని బలంకొద్దీ బిగించే అలవాటు మరీ చెడ్డది. దానివల్ల వాషరు త్వరగా నలిగిపోతుంది, స్పిండిల్ మరలు కూడా దెబ్బతింటాయి.

నీళ్లు కొళాయి మూతి నుంచి కాక పిడి మొదట్లో ఊరుతుంటే వాషరుతో పనిలేదు. అక్కడ స్పిండిల్ చుట్టూ నీరు ఊరకుండా అడ్డుకునే ప్యాకింగునో, ఓ-రింగు అనే రబ్బరు వలయాన్నో మార్చాలి. గోడ దగ్గర కారితే మరల మీద టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టాలి. ఇక పిడిని పావు చుట్టు తిప్పితే చాలు పూర్తిగా తెరుచుకునే కొత్త రకం కొళాయిల్లో చాలావాటికి ఈ రబ్బరు వాషరే ఉండదు. లోపల రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిపై ఒకటి జరుగుతూ నీటిని ఆపుతాయి. అవి పాడైతే స్పిండిల్‌తో సహా లోపలి భాగం మొత్తం మార్చవలసిందే. దానికైనా పాతదాన్ని అంగడికి తీసుకువెళ్లి పొడవు, మరలు, పిడి కూర్చునే చోట ఉన్న పళ్ల లెక్క సరిచూసుకొనే కొనాలి.