గేర్‌బాక్స్ చివర్లో వేలి మందం దగ్గర ఆగిపోతే బోల్ట్‌లతో లాగొద్దు

నిన్న రాత్రి మా బావా నేనూ కారు కింద పడుకుని ఇంజిన్ వెనక గేర్‌బాక్స్ ఎక్కిస్తున్నాం. అంతా బానే వెళ్ళింది, వెళ్ళి వెళ్ళి వేలి మందం సందు మిగిలి ఆగిపోయింది, ఇక ఎంత తోసినా కదల్లేదు. బావ "ఇంకెంత ఉందిరా, రెండు పెద్ద బోల్ట్‌లు పెట్టి బిగించెయ్, అదే వచ్చేస్తుంది" అన్నాడు. "వద్దు బావా, దింపేద్దాం" అన్నా. 30, 40 కేజీల బరువుని గంటసేపు జాక్ మీద అటూ ఇటూ జరుపుకుంటూ అక్కడిదాకా తెచ్చాక మళ్ళీ దింపాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, బావ కాసేపు నాతో మాట్లాడలేదు.

కానీ మూడేళ్ళ కిందట ఇదే కారుకి క్లచ్ మార్చినప్పుడు నేను సరిగ్గా బావ చెప్పిందే చేశా. బోల్ట్ ఒక్కో చుట్టు తిప్పుతుంటే బెల్ హౌసింగ్, అంటే గేర్‌బాక్స్ ముందున్న గంట ఆకారపు డొప్ప, ఇంజిన్ దగ్గరికి వస్తోంది, హమ్మయ్య పనైపోయింది అనుకున్నా. తీరా అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే, క్లచ్ అడుగుదాకా తొక్కి పట్టుకున్నా సరే రివర్స్ వేస్తుంటే గరగరమని ఒకటే చప్పుడు. మళ్ళీ మొత్తం విప్పి చూస్తే క్లచ్ ప్లేట్ మధ్యలో హబ్ ఒక పక్కకి వంగిపోయి ఉంది, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొస కూర్చునే చిన్న పైలట్ బేరింగ్ అంచు చితికిపోయి ఉంది. కొత్త ప్లేట్ అది, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు. అప్పట్నుంచీ గేర్‌బాక్స్ మొండికేస్తే నేను బలం పెట్టను, దింపి క్లచ్ ప్లేట్ ఎక్కడ కూర్చుందో చూస్తా.

అసలు లోపల జరిగేది ఏంటంటే, క్లచ్ ప్లేట్ ఫ్లైవీల్‌కీ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) ప్రెషర్ ప్లేట్‌కీ (ఫ్లైవీల్‌కి బోల్ట్‌లతో బిగించే, క్లచ్ ప్లేట్‌ని నొక్కి పట్టే భాగం) మధ్యలో ఉంటుంది, రెండు అరచేతుల మధ్య కాగితం పెట్టి నొక్కినట్టు. ప్రెషర్ ప్లేట్ బోల్ట్‌లు వదులుగా ఉన్నంతసేపూ దాన్ని మధ్యలో నిలబెట్టే ఆధారం ఏదీ లేదు, దాని బరువుకి అదే కిందికి జారి కూర్చుంటుంది. అలా జారిన చోటే బిగించేశామంటే ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ కొన్ని వందల కేజీల బలంతో అక్కడే పట్టేస్తుంది, ఇక చేత్తో కదిలే మాటే లేదు. ఇప్పుడు గేర్‌బాక్స్ నుంచి ఇంజిన్ వైపు పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు ఆ ప్లేట్ హబ్ పళ్ళలోంచి దూరాలి, తర్వాత దాని సన్నటి కొస వెళ్ళి ఇంజిన్ తిప్పే క్రాంక్‌షాఫ్ట్ చివర ఉన్న పైలట్ బేరింగ్‌లో కూర్చోవాలి. హబ్ పళ్ళలోకి కాస్త తేడా ఉన్నా ఎలాగోలా దూరుతుంది, పైలట్ దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా కొస అంచుకి తగిలి ఆగిపోతుంది. అందుకే ఇది ఎప్పుడూ చివర్లోనే ఆగేది, అందుకే మనకి "ఇంకొంచెమేగా" అనిపించేది. ముందు చక్రాలు లాగే కార్లలో చాలావాటికి పైలట్ బేరింగే ఉండదు కాబట్టి అక్కడ కొంచెం తేలిక, అయినా ప్లేట్ మరీ పక్కకి ఉంటే హౌసింగ్‌ని సరైన చోట కుదిర్చే డోవెల్ పిన్‌ల మీదకి అది రాదు.

సరే, దింపాం. అలైన్‌మెంట్ టూల్, అదే క్లచ్ కిట్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ షాఫ్ట్, మళ్ళీ దూర్చి చూస్తే హబ్‌లోంచి వెళ్ళింది గానీ పైలట్‌లోకి దిగలేదు, కింది అంచుకి తగులుతోంది. టార్చ్ వేసి చూశా. హబ్ పళ్ళ గుండ్రంలోంచి చూస్తే లోపల పైలట్ రంధ్రం కనబడుతుంది కదా, ఆ రెండు గుండ్రాల మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి, మాకు కింద నెలవంకలా వెడల్పుగా ఉంది, పైన దాదాపు లేదు. అంటే ప్లేట్ కిందికి జారి ఉంది. తప్పు ఎక్కడ జరిగిందంటే, ప్లాస్టిక్ టూల్‌ని దూర్చి వదిలేసి నేను రెండు చేతులతో బోల్ట్‌లు బిగించుకుంటూ పోయా. ప్లాస్టిక్ కదా, ప్లేట్ బరువుకి కొద్దిగా వంగుతుంది, బయటికి ఉన్న తోక కిందికి వేలాడుతుంది. ఆ కొద్దిగానే మన కొంప ముంచేది.

ఈసారి ప్రెషర్ ప్లేట్ 6 బోల్ట్‌లూ కొంచెం కొంచెంగా వదులు చేశాం, ప్లేట్ వేలితో తోస్తే జరిగేంత వరకూ. బావ టూల్ తోకని కింద నుంచి పైకి ఎత్తి, క్రాంక్‌కి సూటిగా ఉండేలా పట్టుకున్నాడు, నేను బిగించా. ఒకదాని తర్వాత పక్కది కాదు, ఎదురెదురువి, ఒక్కోటి అర చుట్టు చొప్పున. ఒక పక్కే ముందు బిగించేస్తే ప్రెషర్ ప్లేట్ కవర్ వంకర పోతుంది, తర్వాత బండి కదిలించేటప్పుడు వణుకుడు మొదలవుతుంది. ఇంకో అలవాటు చెప్తా, ప్రతి రౌండ్ తర్వాత టూల్‌ని బయటికి లాగి మళ్ళీ దూర్చి చూడండి. రెండు వేళ్ళతో లాగితే జారుతూ రావాలి, అలాగే వెళ్ళాలి. బిగుసుకుందా, అక్కడే ఆపి వదులు చేయండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. చివరి టార్క్, అంటే బోల్ట్‌ని ఎంత బలంతో బిగించాలన్నది, మాత్రం ఆ కారు మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే.

కిట్‌లో టూల్ రాకపోతే అదే మోడల్ పాత గేర్‌బాక్స్‌ది ఇన్‌పుట్ షాఫ్ట్ దొరికితే దానంత మంచిది ఇంకోటి లేదు, ఇనుము కాబట్టి వంగదు. అదీ లేకపోతే సాకెట్ ఎక్స్‌టెన్షన్‌కి (సాకెట్ స్పానర్‌కి పెట్టే పొడుగు కడ్డీ) టేప్ చుట్టి హబ్‌కీ పైలట్‌కీ సరిపడా లావు చేసి వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు, పని అవుతుంది, చుట్టూ ఒకే మందం ఉండేలా చుట్టాలి అంతే.

ప్లేట్ ఏ పక్క ఎటు అన్నది కూడా చూసుకోవాలి, చాలా ప్లేట్ల మీద ఫ్లైవీల్ వైపు అని రాసే ఉంటుంది, తిరగేసి పెడితే క్లచ్ అసలు వదలదు. షాఫ్ట్ పళ్ళకి గ్రీజు చాలా పల్చగా, ప్లేట్‌ని ఒకసారి షాఫ్ట్ మీద ముందుకీ వెనక్కీ జరిపి అంచులకి చేరిన గ్రీజుని తుడిచేయాలి, లేకపోతే తిరిగేటప్పుడు అది చిమ్మి ప్లేట్ లైనింగ్, అంటే పట్టు ఇచ్చే పొర, మీద పడుతుంది. ఫ్లైవీల్ ముఖాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాక ఇక వేలు పెట్టొద్దు.

ఎక్కించేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది గైడ్ బోల్ట్‌లు. రెండు పొడవాటి బోల్ట్‌ల తలకాయలు కోసేసి ఇంజిన్ వైపు పై రంధ్రాల్లో చెరో పక్క బిగించాం, గేర్‌బాక్స్ వాటి మీద జారుకుంటూ సూటిగా వస్తుంది, పక్కకి వాలదు. ఏం చేసినా గేర్‌బాక్స్ బరువుని షాఫ్ట్ మీద మాత్రం వేలాడదీయొద్దు, సగం దూరాక చెయ్యి నొప్పెట్టి ఒక్క నిమిషం వదిలేసినా హబ్ వంగుతుంది. వెనక మౌంట్, అంటే గేర్‌బాక్స్‌ని మోసే దిమ్మ, తీసేశాక ఇంజిన్ వెనక్కి వాలుతుంది కాబట్టి గేర్‌బాక్స్ కూడా అదే వాలులో రావాలి. హౌసింగ్ చుట్టూ సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంటూ జాక్‌ని సర్దాలి. పళ్ళు కలవకపోతే గేర్‌లో వేసి గేర్‌బాక్స్ వెనక అవుట్‌పుట్ షాఫ్ట్‌ని కొద్ది కొద్దిగా తిప్పుతూ తోయాలి. బావ వెనక నుంచి తిప్పుతున్నాడు, నేను తోస్తున్నా, వేలి మందం సందు దగ్గరికి వచ్చింది, ఇద్దరం ఊపిరి బిగబట్టాం, టక్‌మని వెళ్ళి డోవెల్ పిన్‌ల మీద కూర్చుంది. రాత్రంతా సతాయించింది చేతి బలానికే వెళ్ళిపోయింది. హౌసింగ్ ఇంజిన్‌కి చుట్టూ ఆనుకున్నాకే బోల్ట్‌లు పెట్టాం, బోల్ట్ పని పట్టి ఉంచడమే, లాగడం కాదు.

గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిపాక స్టార్ట్ చేయకముందే ఒకటి చూశాం. వెనక చక్రాలు రెండూ గాల్లో, కారు స్టాండ్‌ల మీద, ముందు చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి గేర్‌లో వేశాం. బావ లోపల కూర్చుని క్లచ్ తొక్కాడు, నేను కింద ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పా, హాయిగా తిరిగింది. "ఇప్పుడు వదులు బావా" అన్నా. వదిలాడు, షాఫ్ట్ ఠక్కున బిగుసుకుంది. "ఇంకోసారి తొక్కనా?" అన్నాడు పైనుంచి, అవసరం లేకపోయినా తొక్కమన్నా, మళ్ళీ తిరిగింది.