ఒక్క స్లాటు తేడా

మారతహళ్లిలో మా గది మూడో అంతస్తులో ఉంటుంది. దాని మీద మేడ తప్ప మరో గది లేదు. 2024 ఏప్రిల్ నెలాఖరులో బెంగళూరులో ఎండ 38 డిగ్రీలు దాటి, వీధి మొత్తం నీళ్ల ట్యాంకరు కోసం ఎదురు చూస్తున్న రోజుల్లో నేను సాయంత్రం పూట ‘సైబర్‌పంక్ 2077’ ఆడుతూ, అది ఆగి ఆగి నడుస్తుంటే పళ్లు నూరుకుంటూ కూర్చునేవాణ్ని. ఊరి బయటి ఎడారి దారుల్లో ఆట చక్కగా సాగేది. ఆటలోని నగరమైన నైట్ సిటీ లోపలికి, ముఖ్యంగా జనం కిక్కిరిసిన చెర్రీ బ్లాసమ్ మార్కెట్టులోకి అడుగు పెట్టగానే చూపు తిప్పిన ప్రతిసారీ తెర ఒక క్షణం బిగుసుకుపోయి, తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకేది. సెలవులకు హిందూపురం నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు పది నిమిషాలు ఆడి, “అన్నా, ఇది ఆటలా లేదు, పెళ్లి ఆల్బం తిప్పుతున్నట్టుంది” అని మౌస్ నా చేతికి ఇచ్చేశాడు.

నా కంప్యూటరు అంత తీసిపారేసేది కాదు. ఆరు కోర్ల రైజన్ 5 5600 ప్రాసెసరు, 12 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ మానిటరు ఉన్నాయి. 2023లో ఎస్పీ రోడ్డులోని ఒక దుకాణంలో కట్టించుకున్నప్పుడు ర్యామ్ మాత్రం డబ్బులు చాలక 8 గిగాబైట్ల స్టిక్కు ఒక్కటే వేయించాను. ఈ ఆటకు కనీసం 12 గిగాబైట్లు ఉండాలని తెలిసిన తర్వాత అదే కంపెనీది, అదే వేగం గలది ఇంకొక స్టిక్కు కొని, పెట్టె తెరిచి నేనే పెట్టుకున్నాను. విండోస్ 16 గిగాబైట్లు చూపించింది కాబట్టి ర్యామ్ సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని అనుమానాలు వచ్చినా వాటిలో ర్యామ్ పేరు ఒక్కసారి కూడా రాకపోవడానికి కారణం ఆ నమ్మకమే.

మొదటి అనుమానం వేడి మీదికి పోయింది. ఆ ఎండల్లో ఎవరికైనా అలాగే తోస్తుంది. పెట్టె పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, వేడిని కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అంకెలు చూశాను. ప్రాసెసరు 78 డిగ్రీలు, కార్డు 72 డిగ్రీలు చూపించాయి. రెండూ తమ హద్దులకు దిగువనే ఉన్నాయి. తర్వాత డీడీయూ అనే ప్రోగ్రాముతో పాత డ్రైవర్లను పూర్తిగా తుడిచి కొత్తవి ఎక్కించాను, పవర్ ప్లాన్ మార్చాను, ఆటలో నీడల నాణ్యత తగ్గించాను. ఒకే సాయంత్రం ఇవన్నీ కలిపి చేయడం వల్ల దేనివల్ల ఏమి మారిందో నాకే తెలియకుండా పోయింది. 2020 డిసెంబరులో ఆట విడుదలైన కొత్తలో రైజన్ ప్రాసెసర్ల కోసం ఆట ఫైలునే, దానిలోని ముడి అంకెలు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి మార్చుకునే చిట్కా ఒకటి బాగా ప్రచారమైంది. దాన్ని కూడా ప్రయత్నించబోయాను. నాలుగు, ఆరు కోర్ల రైజన్లకు సంబంధించిన ఆ సర్దుబాటును అదే నెలలో వచ్చిన 1.05 ప్యాచ్‌లోనే ఆట తయారీదారులు చేసేశారని ఆఖరి నిమిషంలో చదివి మానుకున్నాను.

ఇంకొక వారానికి ఓపిక నశించి, ఆదివారం మెజెస్టిక్ బస్సెక్కి ఎస్పీ రోడ్డుకు పోయాను. అక్కడ ఒక దుకాణంలో నా గోడు పూర్తిగా వినకుండానే కొత్త గ్రాఫిక్స్ కార్డు డబ్బా తీసి గల్లా పెట్టె మీద పెట్టారు. ధర విని కాస్త ఆలోచించుకుంటానని చెప్పి బయటపడ్డాను. ఆ ఆలోచన నన్ను కాపాడిందనలేను, ఆ నెల అద్దె ఇంకా కట్టకపోవడమే కాపాడింది.

మా ఆఫీసులో ప్రొద్దుటూరుకు చెందిన ఒకాయన ఉన్నారు. సర్వర్ల పని చూస్తారు, ఆటలంటే అంత ఆసక్తి లేదు. టీ తాగుతూ నా కథ చెబితే ఆయన ఒక్క ప్రశ్నే అడిగారు: “రెజల్యూషన్ తగ్గించి చూసినావా? తగ్గించినాక ఫ్రేముల అంకె పెరిగితే తప్పు కార్డుది. పెరగలేదా, కార్డును ఏమీ అనొద్దు.” ఇంత సులభమైన పరీక్ష మూడు వారాల్లో నాకు తట్టలేదు. చిత్రం చిన్నదైతే కార్డుకు పని తగ్గుతుంది, ప్రాసెసరుకు మాత్రం ఆ ఊరి జనాన్ని నడిపించే పని అంతే ఉంటుంది.

ఆ రాత్రి ఫ్రేముల అంకె చూపే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ పట్టీని తెర మూలన పెట్టుకుని మార్కెట్టులో ఒకే చోట నిలబడ్డాను. 1080పీలో సెకనుకు 52 ఫ్రేములు, అంటే 52 బొమ్మలు, వచ్చాయి, కార్డు వినియోగం 58 శాతం దగ్గర ఉంది. 720పీకి దించితే 53 ఫ్రేములు వచ్చాయి, కార్డు వినియోగం 40 శాతానికి పడిపోయింది. అంటే కార్డు చేతులు కట్టుకుని కూర్చుని, పని ఎప్పుడు అందుతుందా అని ఎదురు చూస్తోంది. జనసాంద్రత సెట్టింగును హై నుంచి లోకు మార్చగానే ఫ్రేములు 61కి చేరాయి. నేను అసలు చూడవలసింది సగటును కాదని కూడా ఆ రాత్రే అర్థమైంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లలో రావాలి. వాటిలో ఒకటి 80 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటులో పెద్దగా కనిపించదు, కంటికి మాత్రం రాయి తగిలినట్టు తగులుతుంది. నా ఫ్రేమ్‌టైమ్ గీత రంపం పళ్లలా ఉంది.

అయితే ప్రాసెసరు మార్చాలా? ఇదే ప్రాసెసరుతో ఇదే ఆటను హాయిగా ఆడుకుంటున్న వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది ఏమిటని వెతుకుతూ, కంప్యూటరు భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్‌లో మెమరీ పేజీ తెరిచాను. ఛానల్, అంటే ర్యామ్ నుంచి ప్రాసెసరుకు డేటా పోయే దారి, అన్న చోట ఒక్కటే ఉంది. డీర్యామ్ ఫ్రీక్వెన్సీ, అంటే ర్యామ్ వేగం, 1066 మెగాహెర్ట్జ్ అని ఉంది. 3200 వేగం గల ర్యామ్ కొన్నవాడికి 1066 కనిపిస్తే గుండె జారుతుంది కానీ అది సగం లెక్క. డీడీఆర్ మెమరీ ఒక్కో గడియార స్పందనకు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని 2133గా చదువుకోవాలి. 3200కు నడపవలసిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైలు, అంటే వేగం సెట్టింగు, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నడిచే బయోస్‌లో మొదటి రోజు నుంచీ ఆఫ్‌లోనే ఉందన్నమాట. 2133 దగ్గర ఒక్క ఛానల్ సెకనుకు సుమారు 17 గిగాబైట్లు మోయగలదు. 3200 దగ్గర రెండు ఛానళ్లు కలిసి 51.2 గిగాబైట్లు మోస్తాయి. ప్రాసెసరు తనకు కావలసిన దానిలో మూడో వంతు దారితోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. దానికి తోడు, రైజన్‌లో లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం కూడా మామూలుగా ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది.

బయోస్ సంగతికి దుకాణం వాళ్లను మనసులో తిట్టుకుంటూ పెట్టె తెరిచాను. తీరా చూస్తే రెండు స్టిక్కులూ ప్రాసెసరు పక్కనున్న మొదటి రెండు స్లాట్లలో, బస్సులో పక్కపక్క సీట్లు దొరికిన వాళ్లలా కూర్చుని ఉన్నాయి. నాలుగు స్లాట్లలో మొదటి రెండూ ఒక ఛానల్, తర్వాతి రెండూ మరో ఛానల్. దుకాణం వాళ్లు తమ స్టిక్కును పద్ధతి ప్రకారం రెండో స్లాటులోనే పెట్టారు. దాని పక్కన ఖాళీ కనిపించగానే మొదటి స్లాటులో రెండోది గుచ్చింది నేనే. మాన్యువల్లో రెండు, నాలుగు అని బొమ్మ వేసి మరీ చూపించారు. ఆ మాన్యువల్ డబ్బాలో మడత విప్పకుండా ఉంది.

మొదటి స్లాటులోని స్టిక్కును తీసి నాలుగో దానిలో పెట్టి పవర్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉండిపోయింది, బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న దీపం వెలిగి ఆరలేదు. కరెంటు తీసేసి, స్టిక్కు అంచున ఉన్న బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, ఈసారి గొళ్లెం టక్కుమనే దాకా రెండు బొటనవేళ్లతో గట్టిగా అదిమాను. అంత గట్టిగా నొక్కితే బోర్డు విరుగుతుందేమోనన్న భయంతోనే మొదటిసారి సగంలో ఆపేశానని అప్పుడు తెలిసింది. తెర వచ్చింది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. కొన్ని బోర్డుల్లో ఇదే డీఓసీపీ అన్న పేరుతో ఉంటుంది. రెండు స్టిక్కులూ వేర్వేరుగా కొన్నవి కనుక 3200 దగ్గర నిలబడతాయన్న హామీ లేదు. అందుకని రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపించాను. తెల్లవారేసరికి తప్పులు సున్నా.

అదే మార్కెట్టులో, అదే చోట, జనసాంద్రత తిరిగి హైలో పెట్టి చూస్తే 78 ఫ్రేములు వచ్చాయి. కార్డు వినియోగం 90 శాతం దాటింది, రంపం పళ్లు దాదాపు చదునయ్యాయి. కారులో వేగంగా పోతున్నప్పుడు మాత్రం అప్పుడప్పుడూ కుదుపు మిగిలింది. దానికి కారణం వెతకనక్కర్లేకపోయింది: ఆట హార్డ్ డిస్కులో ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ నుంచి ఈ ఆటకు, హార్డ్ డిస్కు కన్నా వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీ కనీస అవసరమైంది. స్టీమ్‌లోనే ఆట ఫోల్డరును ఎస్‌ఎస్‌డీకి తరలించాను. చివరగా ఫ్రేముల హద్దును 72 వద్ద బిగించాను. 144 హెర్ట్జ్ తెరకు అది సరిగ్గా సగం కాబట్టి ప్రతి ఫ్రేమూ రెండు రిఫ్రెష్‌ల పాటు నిలిచి నడక సమంగా ఉంటుంది.

ఆగస్టులో బయోస్ అప్‌డేట్ చేసిన మర్నాడు ఆట మళ్లీ కాస్త తడబడినట్టు అనిపించింది. ఈసారి డ్రైవర్ల జోలికి పోలేదు. సీపీయూ-జెడ్ తెరిస్తే 1066 కనిపించింది. అప్‌డేట్‌తో బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చి ఎక్స్‌ఎంపీ ఆఫ్ అయింది. దాన్ని ఆన్ చేసి ఆటలోకి వెళ్లడానికి రెండు నిమిషాలు పట్టింది.