ముచ్చికతో కోసిన కాయ

విజయవాడలో ఎండ 42, 43 డిగ్రీలు దాటే మే నెలాఖరులో, అందరూ కిటికీలు మూసుకొని ఇంటిపట్టున ఉండే రోజుల్లో, మేము ఏటా ఒక తెల్లవారుజామున బయలుదేరి నూజివీడు దగ్గరి మామిడితోటకు వెళ్తాం. మాకు కావలసిన కాయలను మేమే కోసుకొని, కాటా వేయించి, రైతుకు డబ్బు ఇచ్చి, ఎండ ముదరకముందే తిరిగి వస్తాం. ఈ అలవాటు మొదలై ఆరేళ్ళయింది. బజారులో పండ్లు దొరకక కాదు. నున్న మామిడి మార్కెట్టు మా ఇంటికి ఎంతో దూరం లేదు. ఒక వేసవిలో కొన్న డజను బంగినపల్లి పండ్లు పైకి పసుపుపచ్చగా మెరుస్తూ, కోస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉండి, ఒక్కటీ తినలేక పారవేయవలసివచ్చింది. "ఎప్పుడు కోశారో, ఎలా మాగేశారో తెలియని పండును ఇకమీదట తేవద్దు" అని మా అత్తగారు ఆ రోజు అన్నారు. ఆమె మాటే మమ్మల్ని తోట దాకా నడిపించింది.

మనమే తోటలోకి వెళ్ళి పండ్లు కోసుకోవడమంటే చాలామందికి స్ట్రాబెరీలే గుర్తుకు వస్తాయి. చలికాలంలో లంబసింగి వెళ్ళినవారు అక్కడి మడుల్లో పండు తెంపి, అక్కడే తిన్న అనుభవం చెబుతుంటారు. స్ట్రాబెరీ మొక్క నుంచి విడివడిన తరువాత ఇక తీపెక్కదు కాబట్టి ఎర్రగా పండినదాన్నే కోయాలి, వెంటనే తినాలి. మామిడి తీరు పూర్తిగా వేరు. ముదిరిన కాయను పచ్చిగా ఉండగానే కోసి, ఇంటికి తెచ్చి, మాగవేసి, వారం రోజులు ఓపిక పట్టాలి. అందువల్ల తోటలో మనం కోసేది పండు కాదు, పండబోయే కాయ. ఈ తేడా ముందుగా తెలియక మా పిల్లలు మొదటి ఏడాది ఎంతో నిరాశపడ్డారు.

తోట దొరకడమే అన్నింటికంటే కష్టమైన పని. ఇక్కడి తోటల్లో చాలావాటిని పూత మీదనో పిందె మీదనో వ్యాపారులకు గుత్తకు ఇచ్చేస్తారు. ఆ తరువాత కాయల మీద హక్కు గుత్తదారుదే కాబట్టి, రైతు మనకు ఎంత దగ్గరి చుట్టమైనా ఒక్క కాయ కోసుకోమని చెప్పలేడు. సొంతంగా కాపు అమ్ముకునే రైతును వెతకాలి. మాకు ఆగిరిపల్లి దాటిన తరువాత ఒక పెద్దాయన తోట, మా మామగారి స్నేహితుల ద్వారా తెలిసింది. ఆయనను మేమందరం బాబాయిగారని పిలుస్తాం.

ఐదు గంటలకు బయలుదేరితే నున్న దగ్గర కాయల లారీలు, ట్రాక్టర్లు ఎదురవుతాయి. సూర్యుడు పైకి రాకముందే తోటలో ఉంటాం. వెదురు గడ చివర కత్తి, దాని కింద వల కట్టిన చిక్కాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు దాని బరువు తెలియదు. పది కాయలు కోసేసరికి మెడ, భుజాలు చెబుతాయి. మా తమ్ముడి కూతురు, పదకొండేళ్ళ పిల్ల, గడను ఊపి లాగితే కాయ వలలో పడకుండా నేలమీద పడింది. బాబాయిగారు దాన్ని తీసి విడిగా పెట్టారు. దెబ్బ తిన్న కాయ మాగదని, ఆ దెబ్బ దగ్గర కుళ్ళు మొదలై పక్క కాయలకూ పాకుతుందని ఆ పిల్లకు ఓపికగా చెప్పారు. అలా రాలినవన్నీ ఆ రోజే పప్పులోకీ పులిహోరలోకీ వెళ్ళాయి.

ఏ కాయ కోయాలో తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. పరిమాణం చూసి మోసపోకూడదు. కాయకు కాడ అతుక్కునే ముచ్చిక చుట్టూ చిన్న గుంట పడి, రెండు వైపులా భుజాలు పైకి లేచి, కాయ నిండుగా కనిపిస్తే అది ముదిరినట్టు. అనుమానం వస్తే బకెట్టు నీళ్ళలో వేసి చూడమంటారు బాబాయిగారు; ముదిరినది మునుగుతుంది, లేతది తేలుతుంది. అన్నింటికంటే నమ్మకమైన గుర్తు చిలక కొట్టిన పండు. చెట్టు మీద ఒకటి రెండు పండ్లను చిలకలు కొట్టడం మొదలుపెట్టాయంటే ఆ చెట్టు కోతకు వచ్చినట్టే. ఆ చిలక కొట్టిన పండులో మిగిలిన ముక్కకు ఉండే తీపి నాకు ఇంకే పండులోనూ దొరకలేదు.

కోసేటప్పుడు "కాయను లాగకమ్మా, ముచ్చికతో తెంపు" అని ఆయన ప్రతి ఏడాదీ గుర్తు చేస్తారు. వేలెడు కాడ ఉండేట్టు కోయాలి. కాడ కాయ దగ్గరే విరిగితే సొన చిమ్ముతుంది. అది కాయ తొక్క మీద పడిన చోట నల్లని మచ్చలు పడతాయి, మన చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లని నేను ఎప్పుడో చదివాను గాని, నా మోచేతి మీద మచ్చ పడిన తరువాతే ఆ విషయం నిజంగా అర్థమైంది. కోసిన కాయల కాడలను నీడలో పొట్టిగా కత్తిరించి, ముచ్చిక కిందికి ఉండేట్టు కాసేపు బోర్లించి, సొన కారిపోయిన తరువాతే బుట్టలో సర్దాలి. పొడుగు చేతుల చొక్కా వేసుకొని వెళ్ళండి, పిల్లలకైతే తప్పనిసరిగా వేయండి.

ఇంటికి వచ్చిన తరువాత పని అత్తగారిది. గాలి ఆడే గదిలో వరిగడ్డి పరచి, కాయలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పుతారు. మాగుతున్న కాయ తనంతట తానే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. గడ్డి ఆ వాయువునూ, వెచ్చదనాన్నీ పట్టి ఉంచుతుంది. బజారులో కొందరు వాడే కాల్షియం కార్బైడ్ చేసే పని వేరు. దాని నుంచి వెలువడే ఎసిటిలీన్ తొక్కకు రంగు తెస్తుంది గాని, లేత కాయకు తీపిని ఇవ్వలేదు. పైగా అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉంటాయి. పండ్లను మాగవేయడానికి దాన్ని వాడకూడదని మన దేశంలో నిషేధం ఉంది. పచ్చి కాయలను ఫ్రిజ్‌లో పెట్టడం కూడా తప్పే. ఆ చలికి కాయ దెబ్బ తిని, తరువాత సరిగా మాగదు. ఐదో రోజు నుంచి రోజూ ఒకసారి గడ్డి తీసి చూసి, మెత్తబడినవాటిని విడిగా తీయాలి.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, దాని పేరు దేశమంతటా వినిపిస్తుంది. అయినా మేము మా కోసం ఎక్కువగా కోసుకునేది చిన్న రసాలనే. బాగా మాగిన చిన్న రసం మెత్తగా ఉండి దూర ప్రయాణానికి ఓర్చుకోదు. దాన్ని ముక్కలుగా కోసుకొని తినేది కాదు. గంటసేపు నీళ్ళలో నానబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, మొదట వచ్చే సొన చుక్కను పిండేసి, నోటికి ఆనించుకోవాలి. టెంకకు పీచు అంటుకొని ఉంటుంది, మూతి, చేతులు, మోచేతులు రసమవుతాయి. మా అత్తగారు డెబ్బై రెండేళ్ళ వయసులోనూ పెరట్లో పీట వేసుకొని కూర్చొని మూడు పండ్లు తింటారు.

ధర విషయంలో ఒక మాట చెప్పాలి. మన చేతులతో కోసుకున్నాం కదా, తగ్గించమని కొందరు బేరం ఆడటం చూశాను. అలవాటు లేని మన చేతుల వల్ల కొమ్మల చివర్లు విరుగుతాయి, వచ్చే ఏటి పూత ఆ చివర్ల మీదే రావాలి. పైగా బంగినపల్లి ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది వెనకబడే చెట్టు. గాలివానకు రాత్రికి రాత్రే సగం కాయ రాలిపోయిన తోటను నేను చూశాను. ఆ రోజు బాబాయిగారు మాకు మజ్జిగ ఇచ్చి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా చెట్ల కింద తిరిగారు. కాయలు కోసుకున్న రోజు మార్కెట్టు ధర ఎంత ఉంటే అంత ఇచ్చి రావడమే న్యాయమని నా అభిప్రాయం.

ఈ ఏడాది తమ్ముడి పిల్లలకు సెలవులు ముందే అయిపోయి, కోసిన మూడో రోజే బెంగళూరు తిరిగి వెళ్ళవలసివచ్చింది. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, గడ్డి వేసి, ముప్పై కాయలు సర్ది రైలెక్కించాను. కోసి ఏడు రోజులైన సాయంత్రం పాప ఫోను చేసి, "అత్తా, పెట్టె తెరిస్తే వాసన వస్తోంది, ఒకటి కోసేయనా?" అని అడిగింది. ముచ్చిక దగ్గర వేలితో నొక్కి చూడమన్నాను. కొంచెం గట్టిగానే ఉందని చెప్పింది. ఇంకొక్క రోజు ఆగమన్నాను.