ముందు ట్రే, తరువాత కుందేలు

పొద్దున గూడు తలుపు తీయగానే చూపు కుందేలు మీదికే పోతుంది. పోనివ్వకూడదు. ముందు చూడాల్సింది అది పెంటికలు వేసే ట్రే. కుందేలు పుట్టుకతోనే వేటకు బలయ్యే జంతువు కాబట్టి ఎంత నొప్పి ఉన్నా దాచుకుంటుంది. మనిషి అలికిడి వినగానే చెవులు నిక్కించి, ఏమీ లేనట్టు కూర్చుంటుంది. వయసు ఏడెనిమిదేళ్లు దాటిన వాటి విషయంలో రాత్రి ఏం జరిగిందో ట్రే, గడ్డి బుట్ట, నీళ్ల గిన్నె చూస్తేనే తెలుస్తుంది.

పెంటికలు గుండ్రంగా, పొడిగా, ఒకే సైజులో ఉండాలి. నలిపితే గడ్డిపీచు కనిపించాలి. చిన్నవిగా, నల్లగా, గట్టిగా ఉన్నాయంటే మేతో నీళ్లో తగ్గాయన్నమాట. వెంట్రుకలతో దండలా గుచ్చుకుని వస్తే బొచ్చు రాలే కాలం, రోజూ దువ్వాలి. రాత్రంతా ఒక్క పెంటిక కూడా పడకపోతే మిగతా పనులన్నీ పక్కన పెట్టి డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఈ రోజు మూల గూట్లో పెంటికలు మామూలుగానే ఉన్నాయి, కానీ పరుపు బట్ట మీద మెత్తటి, జిగురు ముద్దలు నలిగి కనిపించాయి. ఇవి విరేచనాలు కావు. కుందేలు తన పేగుల్లో తయారైన ఈ మెత్తటి ముద్దలను నేరుగా వెనక నుంచే నోటితో అందుకుని తినాలి. అందులోని విటమిన్లు, మాంసకృత్తులు దానికి కావాలి. వదిలేసిందంటే గుళికల దాణా ఎక్కువైందా, లావెక్కిందా, లేక వెన్ను వంగడం లేదా అని ఆలోచించాలి. ముసలివాటిలో చాలాసార్లు మూడోదే కారణం: వెన్నుకీ తుంటికీ కీళ్లవాతం. దాణా తగ్గించి ఊరుకుంటే నొప్పి అలాగే ఉండిపోతుంది.

ఆ ముద్దలు తోక కింద బొచ్చుకు అంటుకుంటే అసలు ప్రమాదం ఈగలతో. పచ్చటి మెరుపు ఈగ తడి బొచ్చులో గుడ్లు పెడితే ఎండాకాలంలో ఒక్క రోజు లోపే పురుగులు బయటికొచ్చి చర్మాన్ని తొలిచేస్తాయి. అందుకే వేడి రోజుల్లో రెండు పూటలా తోక కింద చూడాలి. ఎండిన మురికిని కొంచెం మొక్కజొన్న పిండి చల్లి వేళ్లతో విడదీయవచ్చు. తడిగా ఉంటే రెండు మూడు సెంటీమీటర్ల లోతు గోరువెచ్చని నీటిలో వెనక భాగం మాత్రమే ముంచాలి. ఒళ్లంతా తడిపితే చలికీ భయానికీ కుందేలు కుప్పకూలవచ్చు. బొచ్చు ముడిని ఎప్పుడూ కత్తెరతో కత్తిరించవద్దు. ఆ చర్మం అంత పలుచన, ముడితో పాటు పైకి లేచి తెగిపోతుంది. తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, మధ్యలో చేయి ఉంచి, మొదళ్ల దాకా ఆరబెట్టాలి. సగం తడి వదిలేస్తే చేసిన పని అంతా వృథా.

ఎత్తుకునేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఒక చేయి పిర్రల కింద. వెనక కాళ్లకు ఆసరా దొరక్క తన్నుకుంటే ఆ తన్ను బలానికే నడుము ఎముక విరుగుతుంది. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది కదా అని కొందరు గోళ్లు అలా తీస్తారు. అది నిద్రా కాదు, సుఖమూ కాదు, భయంతో బిగుసుకుపోవడం.

నొప్పి మందు దగ్గర జరిగే పొరపాటు ఒకటి గట్టిగా చెప్పాలి. మెలోక్సికామ్ ద్రావణం మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 1.5 మిల్లీగ్రాములదీ ఉంటుంది. సీసా మారితే అదే సిరంజి గీతకు మోతాదు మూడింతలవుతుంది, లేదా మూడో వంతుకు పడిపోతుంది. కాబట్టి గోడ మీది పట్టికలో మిల్లీలీటర్లు ఒక్కటే రాస్తే చాలదు. డాక్టరు చెప్పిన మిల్లీగ్రాములు, సీసా బలం, మిల్లీలీటర్లు మూడూ రాయాలి. ఎక్కువ కాలం వాడేవాటికి మూత్రపిండాల కోసం రక్తపరీక్ష మధ్యమధ్య అవసరం. మనుషుల మందుల డబ్బా మాత్రం ఈ గది దరిదాపుల్లో ఉండకూడదు. నోటి ద్వారా ఇచ్చే అమోక్సిసిలిన్, క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ మందులు కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తాయి. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ కూడా అంతే ప్రమాదం.

తూకం మేతకు ముందు, రోజూ ఒకే వేళకు. కాటా మీద తువ్వాలు పరిచిన బుట్ట పెట్టి, సున్నా చేసి, కుందేలును దించితే చాలు. రెండు కిలోల కుందేలు వంద గ్రాములు తగ్గితే అది ఐదు శాతం. అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. కంటికి అస్సలు తెలియదు, కాటాకే తెలుస్తుంది.

తగ్గుదలకు మొదట అనుమానించాల్సింది పళ్లను. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డిని పక్కలకు నమిలితేనే అరుగుతాయి. మేతలో దాదాపు ఎనభై శాతం గడ్డి ఉండాలనేది అందుకే. అరగని దవడ పళ్లకు ముళ్లు లేచి, కింది పళ్లవి నాలుకనూ పై పళ్లవి బుగ్గనూ కోస్తాయి. అప్పుడు కుందేలు ఆకలితోనే గిన్నె దగ్గరికి వస్తుంది, నోట పట్టుకుంటుంది, వదిలేస్తుంది. గడ్డి మానేసి మెత్తటి ఆకులే ఏరుకుంటుంది. గడ్డం కింద చొంగ తడి, ఒక కంటి నుంచే నీరు కారడం కూడా పళ్ల గుర్తులే; పంటి వేరు పెరిగి కన్నీటి నాళాన్ని నొక్కుతుంది. ముందరి పళ్లు బాగున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదు. పళ్లను గోళ్ల కట్టర్‌తో కత్తిరించడం అసలు పనికిరాదు, నిలువునా చీలి వేరు దగ్గర చీము పడుతుంది.

తినని కుందేలుకు సిరంజితో పెట్టే మేత, కలిపిన తరువాత, కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్లు. రెండు కిలోలదానికి వంద, అంటే ఇరవై చొప్పున ఐదు సార్లు. కానీ సిరంజి పట్టుకునే ముందు రెండు చూడాలి. పొట్ట డప్పులా బిగిసి ఉంటే లోపల అడ్డం పడి ఉండవచ్చు. పైనుంచి మేత ఎక్కిస్తే చంపినట్టే, ఎందుకంటే కుందేలు కక్కలేదు. రెండోది ఒంటి వేడి. మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 38 కన్నా కిందికి పడిపోతే గోరువెచ్చని నీళ్ల సీసాను బట్టలో చుట్టి పక్కన పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి బయలుదేరాలి. రెండూ బాగుంటే, తల మామూలు ఎత్తులోనే ఉంచి, ముందరి పళ్ల వెనక ఖాళీ ఉన్న చోట పక్కనుంచి సిరంజి పెట్టి, ఒక్కో మిల్లీలీటరు. నమిలి మింగిన తరువాతే తరువాతిది. తొందరపడితే మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గూటి ఏర్పాటు గురించి కొంచెమే. నున్నటి నేల మీద వెనక కాళ్లు జారిపోతాయి, కాబట్టి కింద రబ్బరు చాప, పైన మెత్తటి బట్ట. కుందేలు పాదాలకు కుక్కకున్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చు ఒక్కటే రక్షణ; అది అరిగితే మడమ ఎర్రబడి పుండవుతుంది. ట్రే ముందు గోడను ఐదు సెంటీమీటర్ల ఎత్తుకు కోయాలి. నీళ్లు బరువైన గిన్నెలో పెడితే సీసా కంటే ఎక్కువ తాగుతాయి. చూపు పోయినదాని గూట్లో ఏ వస్తువూ చోటు మారకూడదు, మాట వినిపించాకే చేయి వేయాలి.

మధ్యాహ్నం వేడి 28 డిగ్రీలు దాటగానే గడ్డకట్టిన నీళ్ల సీసాలు బట్టలో చుట్టి గూళ్లలో పెట్టాలి, చెవులను తడి చేత్తో నిమరాలి. ఇక ఇక్కడున్న మిగతా జంతువుల సంగతి. గినీ పిగ్‌లకు రోజూ విటమిన్ సి అందాలి, వాటి ఒంట్లో అది తయారు కాదు. నీళ్లలో కలిపితే త్వరగా పాడవుతుంది, నేరుగా నోటికే ఇవ్వడం మేలు. కుందేళ్లతో కలిపి ఉంచకూడదు. కుందేలుకు ఏ బాధా పెట్టని ఒక సూక్ష్మజీవి గినీ పిగ్‌కు న్యుమోనియా తెస్తుంది. పళ్లు ఊడిన ముసలి మేకకు గుళికలు నానబెట్టి పెట్టాలి. ఆ దాణా మాత్రం గొర్రెలకు అందకూడదు, మేకకు అవసరమైనంత రాగి గొర్రెకు విషం. కోళ్లను రాత్రి గూట్లోకి తోలేటప్పుడు మెడ కింది మేతసంచి నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. పొద్దున కూడా నిండుగా ఉంటే మేత కిందికి దిగడం లేదు.

రేపు కుందేళ్ల జంటలో పెద్దదానికి మత్తిచ్చి దవడ పళ్ల ముళ్లు తీయాలి. కుక్కలకు పెట్టినట్టు దీనికి ముందురోజు పస్తు పెట్టకూడదు. కక్కే ప్రమాదం లేదు, పేగు ఆగిపోయే ప్రమాదం ఉంది. పెట్టెలో దాని తోడు కుందేలు కూడా వెళ్తుంది. ఒంటరిగా పంపితే బెంగతో మేత మానేస్తుంది, వాసన మారి తిరిగొస్తే తోడు దాన్ని గుర్తుపట్టక కరవనూవచ్చు. తువ్వాలు, ఎండుగడ్డి, ఇష్టంగా తినే ఆకులు, వారం రోజుల తూకాల కాగితం సర్దడం అయింది. తెల్లవారుజామున వేసిన పెంటికలను కూడా ఒక కవర్లో తీసుకెళ్లాలి, డాక్టరు అడిగేది మొదట వాటి గురించే.